మణికట్టులోని నరమును ధ్వనితో కొలుచుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలలో చేసిన ఉపన్యాసము)



ఈ వేదికపై నాకు ముందు మాట్లాడిన పెద్దలు భారతమును గూర్చియు, శతకములను గూర్చియు ముచ్చటించిరి. కార్యదర్శిగారు నన్నును అట్టిదే ఏదేని చెప్పుమనిరి. పద్యమనిన నాకును ప్రీతియే. ఐనను నేడు వేఱొక విషయమును ఎత్తుకొంటిని. మన ఊరిలో నడిరాత్రి చేయి తిమ్మిరెక్కి లేచి, నాలుగుమార్లు విదిలించుకొని, మరల పండుకొనువారు తక్కువమంది కారు. అది వాతమని ఒకరందురు, రక్తము చాలకపోవుటయని ఒకరందురు, వయసు మీఱినదని వేఱొకరందురు. వీరిలో అనేకులకు కారణము మణికట్టులో, అంగుళము మేర చోటున ఇమిడియున్నది. దానిని కోయకుండ, గుచ్చకుండ, ధ్వని సాయముతో చూచి, చదరపు మిల్లీమీటర్లలో కొలిచి చెప్పు పద్ధతి నేడు కలదు. ఆ కొలత ఎట్టిది, దానిని ఎంతవఱకు నమ్మవచ్చును అనునదే నా ప్రసంగ విషయము.

ముందుగా మాటను సరిచూచుకొందము. మన తెలుగున నరమను మాట మిక్కిలి ఉదారమైనది. సూదిమందు వేయువారు ‘నరం దొరకలేదు’ అందురు. అక్కడ నరమనగా రక్తనాళము. మూట ఎత్తి నడుము పట్టినవాడు ‘నరం పట్టేసింది’ అనును. అక్కడ అది కండయో, కండను ఎముకకు కట్టిన తాడో. ‘నరాల బలహీనత’ అనినపుడు గాని అసలైన నరము మాటలోనికి రాదు. పాఠ్యపుస్తకములవారు ఈ చిక్కు తప్పించుటకై నాడి అను పదమును వాడిరి. కాని నాడి యనగానే వైద్యుడు వ్రేళ్లుంచి చూచు కొట్టుకొనుటయే మన మనసులకు తోచును. మణికట్టు వద్ద ఈ గందరగోళము మఱింత ఎక్కువ. ఏలయన రక్తనాళములు, తాళ్లు, నరములు మూడును అక్కడ ఒక్క అంగుళములోనే పక్కపక్కన నడచుచున్నవి. కావున నేడు నేను నరమనినచో, వ్రేళ్ల స్పర్శను మెదడునకు చేర్చి, మెదడు ఆజ్ఞను కండకు తెచ్చు తీగ యని మాత్రమే గ్రహింపుడు. కండను ఎముకకు కట్టునది తాడు. రక్తము పారునది నాళము.

సుశ్రుత సంహితలో చెప్పిన 107 మర్మస్థానములలో మణిబంధము ఒకటి. అచట గాయమైనచో చేయి పనికి చాలనిదగునని ఆ గ్రంథము తెలుపుచున్నది. మన పూర్వులు ఈ చోటిని సున్నితమైనదిగా గుర్తించిరని ఇందువలన తెలియును. అంతమాత్రమున నేటి వైద్యులు చెప్పు నరపు జబ్బును సుశ్రుతుడు ముందే చెప్పెనని నేను అనను. ఆయన స్నాయువు అనినచోట నేటి మాటలలో దేనిని గ్రహింపవలెనో పండితులలోనే ఏకాభిప్రాయము లేదు. పాత గ్రంథమును గౌరవించుటకు అందులో లేనిదానిని దాని నెత్తిన పెట్టవలసిన పనిలేదు.

ఇప్పుడు అరచేతిని పైకి త్రిప్పి మీ మణికట్టును చూడుడు. అరచేతి మొదట ఎనిమిది చిన్న ఎముకలు దోనెవలె వంపుగా అమరియున్నవి. ఆ దోనె నోటికి అడ్డముగా గట్టి నారపట్టీ యొకటి బిగించియున్నది. దోనెకును పట్టీకిని నడుమ ఏర్పడిన ఇరుకు దారినే ఆంగ్లమున కార్పల్ టన్నెల్ అందురు. మనము మణికట్టు సొరంగమందము. వ్రేళ్లను ముడుచు తాళ్లు తొమ్మిది ఈ సొరంగమున పోవును: నాలుగు వ్రేళ్లకు రెండేసి చొప్పున ఎనిమిది, బొటనవ్రేలికి ఒకటి. వాటితో కూడ, పట్టీకి దిగువనే, మీడియన్ నెర్వ్ అనెడి నరమొకటి పోవుచున్నది. తొమ్మిది తాళ్లు, ఒక నరము. మూడు వైపుల ఎముక, పైని సాగని పట్టీ. లోపల ఏ కొంచెము వాపు వచ్చినను అది వెలికి పోవుటకు దారి లేదు. తాళ్లు మొండివి, అవి ఓర్చుకొనును. నరము మెత్తనిది, నొక్కుడు దానిపై పడును. దీనినే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అని వైద్యులు పిలుచుచున్నారు.

వాపునకు కారణములు పలువిధములు. గర్భిణీ స్త్రీలకు ఒంట నీరు చేరుటవలన రావచ్చును. ప్రసవానంతరము పలువురకు అదే తగ్గును. థైరాయిడ్ గ్రంథి మందగించినవారికిని, మధుమేహము గలవారికిని, కీళ్లవాపు జబ్బు గలవారికిని వచ్చుట కలదు. చేతిని బలముగా బిగించి, వంచి, అదే పనిని పదేపదే చేయువారికి వచ్చుట కలదు. ఏ కారణమును కనబడక వచ్చుటయు తఱచే. పురుషులకంటె స్త్రీలకు ఎక్కువ.

దీని గుర్తు విచిత్రమైనది. ఈ నరము బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి, నడిమివ్రేలికి, ఉంగరపువ్రేలిలో నడిమివ్రేలి వైపు సగమునకు స్పర్శ నిచ్చును. చిటికెనవ్రేలికి ఈయదు, దానికి వేఱొక నరమున్నది, అది ఈ సొరంగమున పోదు. కావున ‘చేయంతయు తిమ్మిరి’ అని చెప్పువారిని నిదానముగ అడిగినచో చిటికెనవ్రేలు బాగుగనే యున్నదని కొందఱు తెలిసికొందురు. ఒకే వ్రేలిలో సగము మొద్దుబారి సగము బాగుండుట దైవచిత్రమువలె తోచునుగాని, అది రెండు నరముల సరిహద్దు. జబ్బు ముదిరినచో బొటనవ్రేలి మొదటనున్న బలిసిన కండ క్రమముగ కరగి పల్లమగును. బొత్తము పెట్టుకొనుట, సూదిలో దారమెక్కించుట కష్టమగును. అట్లు కరగిన కండ తరువాత ఎంత వైద్యము చేసినను పూర్తిగా తిరిగి రాకపోవచ్చును. ఆలస్యము వలని నష్టమిదియే. తిమ్మిరి తిమ్మిరియే గదా యని సంవత్సరములు గడపువారు పోగొట్టుకొనునది ఈ కండను.

ఈ సంగతి లోకమునకు ఎట్లు తెలిసినదో కొంచెము చెప్పుదును. 1913లో ప్యారిస్ నగరమున పియేర్ మారీ, షార్ల్ ఫ్వా అను ఇరువురు వైద్యులు, రెండు చేతులలోను బొటనవ్రేలి కండ కరగిన ఒక రోగి మరణించిన పిదప, మణికట్టును కోసి చూచిరి. నారపట్టీకి సరిగా ఎగువన నరము ముడివలె ఉబ్బియుండెను. పట్టీ క్రింద సన్నగిల్లియుండెను. ముందే తెలిసియున్నచో ఈ పట్టీని కోసి వదులు చేసిన రోగికి మేలు కలిగెడిదేమో యని వారు వ్రాసిరి. ఆ మాట చాలకాలము పుస్తకములలోనే నిదురించినది. 1933లో జేమ్స్ లియర్‌మంత్ అను శస్త్రవైద్యుడు అట్లు పట్టీని కోసిన సంగతి ప్రకటించెను. అమెరికాలోని క్లీవ్‌లండ్‌లో జార్జి ఫాలెన్ అను వైద్యుడు 1950 నుండి వరుసగ వ్యాసములు వ్రాసి ఈ జబ్బు అపురూపము కాదు, సాధారణమేనని వైద్యలోకమును ఒప్పించెను. మణికట్టును ఒక నిమిషముసేపు లోపలికి వంచియుంచి తిమ్మిరి వచ్చునో రాదో చూచు పరీక్షకు నేటికిని ఆయన పేరే.

1913లో ఆ ఇరువురు చూచిన ఉబ్బునే మన కథలో ముఖ్యముగ గుర్తుంచుకొనవలెను. కాలువపై తూము పూడినచో నీరు ఎక్కడ పెరుగును? తూమునకు ఎగువన. నరములోపల కూడ ద్రవము నిరంతరము సాగుచుండును. సొరంగపు నోటివద్ద నొక్కుడు పడినపుడు ఎగువభాగము నీరుపట్టి లావగును. లావైనదానిని కొలువవచ్చును. కాని బ్రతికియున్న మనుష్యుని మణికట్టును కోసి కొలువరాదు గదా! కోయకుండ చూచు కన్ను కావలెను. ఆ కన్ను ధ్వని రూపమున వచ్చినది.

మన చెవికి వినబడు ధ్వని సెకనుకు సుమారు 20,000 కంపనములతో ఆగిపోవును. అంతకు మించినది అతిధ్వని. జనుల నోట అల్ట్రాసౌండు. 1880లో జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ అను సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. ఆ పియేర్ తరువాత మేరీ క్యూరీ భర్తగా ప్రఖ్యాతుడయ్యెను. విద్యుత్తు పంపినచో స్ఫటికము కంపించి ధ్వని పుట్టించునని కూడ తేలినది. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1917 ప్రాంతమున, పోల్ లాంజెవాన్ ఈ స్ఫటికములతో సముద్రగర్భమున జలాంతర్గాములను వెదకు సాధనమును సిద్ధపఱచెను. తరువాత ఇనుములోని కంటికి కనబడని పగుళ్లను కనిపెట్టుటకు కర్మాగారములవారు దానిని వాడిరి. ఆ ఇనుము యంత్రమునే గ్లాస్గోలో ఇయన్ డోనాల్డ్ అను ప్రసూతి వైద్యుడు మనుష్యుల కడుపుపై ప్రయోగించి, 1958లో ఫలితములు ప్రకటించెను. గర్భిణుల స్కానింగునకు నాంది అదే.

గర్భమును చూచు ధ్వనికిని మణికట్టును చూచు ధ్వనికిని భేదమున్నది. పొరుగూరి డప్పు మనకు వినబడును. కాలి గజ్జెల సవ్వడి పక్కగదికే అందదు. అట్లే కంపనములు తక్కువైన ధ్వని లోతునకు పోవును గాని సూక్ష్మమును చూపలేదు. కంపనములు ఎక్కువైనది లోతునకు పోదు గాని సన్నని వస్తువులను వేఱుచేసి చూపును. మణికట్టులోని నరము చర్మమునుండి సెంటీమీటరు లోపలనే యుండుట మన అదృష్టము. అందుచేత అచట సెకనుకు కోటి యేబది లక్షల కంపనములు గల ధ్వనిని వాడవచ్చును. శరీరపు మెత్తని భాగములలో ధ్వని సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోవును. భాగహారము చేయుడు: ఒక్కొక్క తరంగము పొడవు మిల్లీమీటరులో పదియవ వంతు. కడుపుపై వాడు ధ్వనిలో అది నాలుగింతలు. సెంటీమీటరు లోతుననున్న వస్తువును తాకి ప్రతిధ్వని తిరిగి వచ్చుటకు సెకనును పదిలక్షల భాగములు చేసిన అందులో 13 భాగములు పట్టును. యంత్రము ఆ కాలమును లెక్కించి, ఏది ఎంత లోతున ఉన్నదో తెఱపై చిత్రించును. ఎక్స్‌రే వలె కిరణములు లేవు. కొంచెము చల్లని జిగురు పూసి, ప్రోబు అను చేతిసాధనమును ఆనించుటయే పని.

నరములను ఈ విధముగ చూడవచ్చునని 1988లో బ్రూనో ఫోర్నాజ్ అను వైద్యుడు చిత్రములతో ప్రకటించెను. మణికట్టు సొరంగమునే విషయముగ గైకొని ఆస్ట్రియా దేశీయుడగు బూక్‌బెర్గర్, ఆయన సహచరులు 1991లో వ్రాసిన వ్యాసమున మూడు సంగతులు చెప్పిరి: సొరంగపు మొదట నరము ఉబ్బును, లోపల చదునగును, పైపట్టీ విల్లువలె బయటికి వంగును. చూచితిరా! ప్యారిస్‌లో శవమునందు చూచినది డెబ్బది యెనిమిదేండ్ల పిదప జీవించియున్న చేతిలో కనబడినది.

కొలుచు విధమేమన, చిటికెనవ్రేలి వైపున మణికట్టు ముడుత దగ్గఱ తడవిన బఠానీగింజవంటి ఎముక తగులును. అది ఎల్లరకు ఉండు గుర్తురాయి. దాని మట్టమునకు సరిగా ప్రోబును చేతికి అడ్డముగ నిలుపుదురు. తెఱపై నరము అడ్డుకోతగ, తేనెపట్టు ముక్కవలె, చిన్న నల్లని గడులతో కనబడును. చుట్టును తెల్లని అంచు. పక్కననున్న తాళ్లు ఇంకను తెల్లగ మెఱయును. ఏది నరమో ఏది తాడో తెలియుటకు మంచి ఉపాయములున్నవి. ప్రోబును కొంచెము వాల్చినచో తాళ్లు వెంటనే నల్లబడును, నరము అంతగా మారదు. వ్రేళ్లు ఆడింపుమనినచో తాళ్లు చుఱుకుగ జాఱును, నరము బద్ధకముగ కదలును. ముంజేతి పైకి పోయినకొలది తాళ్లు కండలలో కలిసిపోవును, నరము మాత్రము నరముగనే మిగులును. ఇట్లు గుర్తించి, చిత్రమును నిలిపి, తెల్లని అంచునకు లోపలి వైపున గీత గీయుదురు. గీత లోపలి వైశాల్యమును యంత్రము చెప్పును.

సామాన్యముగ ఆరోగ్యవంతుల నరము 7, 8, 9 చదరపు మిల్లీమీటర్లుండును. సుమారు 10 దాటినచో అనుమానింపవలెనని అనేకులు పాటించుచున్నారు. ఒక్కొక్క వైద్యశాల తన అనుభవమును బట్టి 9 అనియు, 11 అనియు, 12 అనియు హద్దు పెట్టుకొనుట కలదు. 10 చదరపు మిల్లీమీటర్లనగా ఎంత? ఇంచుమించు ఒక పెసరగింజను అడ్డముగ కోసినంత.

నా వృత్తి లెక్కలు వ్రాయుట. పొలముల కొలతలను గూర్చి పుట్టు తగవులు ఎన్నో చూచితిని. అందుచేత ఈ గీత గీయుట అను మాట చదివినపుడు నా మనసు అక్కడ నిలిచిపోయినది. గట్టును పొలములో కలుపవలెనా వద్దా అను దానిపైననే మనవారు కోర్టులకెక్కుదురు. నరమునకును తెల్లని అంచే గట్టు. దానిని వదలి లోపలనే కొలువవలెనని నియమము. వదలకున్న ఏమగునో నేను కాగితముపై వేసి చూచితిని. 10 చదరపు మిల్లీమీటర్ల నరమును గుండ్రముగ తలచినచో దాని అడ్డుకొలత 3.6 మిల్లీమీటర్లు. గీతను అన్ని వైపుల మిల్లీమీటరులో అయిదవ వంతు బయటికి గీసిన, వైశాల్యము 12 దాటును. అంతే లోపలికి గీసిన 8కి దిగును. వెండ్రుకలు రెండు మూడు పక్కపక్కన పేర్చినంత తేడాలో ఒక మనిషి రోగియో, కాడో అయిపోవును! ప్రోబు వాలినను అంతే. బెండకాయను నిలువుకోతకును ఏటవాలు కోతకును చక్రము వెడల్పు ఎట్లు మారునో ఇల్లాండ్రెఱుగుదురు. ప్రోబు 30 డిగ్రీలు వాలినచో కొలత నూటికి 15 వంతులు అబద్ధముగ పెరుగును. కావున యంత్రము గొప్పది కావచ్చును గాని, గీత గీయువాని చేయి నిలుకడ అంతకంటె ముఖ్యము.

దీనికి తెలివైన విరుగుడొకటి 2008లో అమెరికా వైద్యులు సూచించిరి. అదే నరమును ముంజేతిలో, మణికట్టునకు 12 సెంటీమీటర్ల ఎగువన కూడ కొలిచి, రెంటి నిష్పత్తిని చూచుట. మణికట్టు కొలత ముంజేతి కొలతకు 1.4 రెట్లు, అంతకు మించినచో నొక్కుడు ఉన్నదనుటకు బలము. పుట్టుకతోనే లావైన నరముగలవారు, సన్నని నరముగలవారు ఉందురు. నిష్పత్తి వలన ఎవని నరమునకు వాని నరమే కొలబద్దయగును. పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది.

మా అక్కగారి సంగతి ఇక్కడ చెప్పిన మీకు సులువుగ బోధపడును. ఆమెకు అఱువది దాటినవి. రెండు గేదెల పాలు తానే పిదుకును. రాత్రిళ్లు కుడిచేయి తిమ్మిరని రెండేండ్లు బాధపడినది. తైలములు రాచినది. పట్టణమున ఒకచోట మెడ ఎముకలు అరిగినవని చెప్పి పట్టీ కట్టించిరి. అది మెడకు అలంకారమైనదే గాని చేతికి ఉపకారము కాలేదు. ఒకనాడు పొయ్యిమీది గిన్నెను పట్టుకొని వ్రేలు కాలినను ఆమెకు వెంటనే తెలియలేదు. అప్పుడు నరముల వైద్యుని యొద్దకు తీసికొనిపోతిమి. ఆయన మొదట అడిగిన ప్రశ్న ఇది: ‘ఏయే వేళ్లమ్మా?’ ఆమె చూపిన వ్రేళ్లలో చిటికెనవ్రేలు లేదు. ‘రాత్రి లేచి ఏం చేస్తావమ్మా?’ అనగా ఆమె చేతిని జ్వరమాని విదిలించునట్లు విదిలించి చూపినది. స్కానింగు చేయింపుమని ఆయన వ్రాయగా బయటికి వచ్చి, ‘ఈ వయసులో నాకు స్కానింగేమిటి తమ్ముడూ, నలుగురూ నవ్వరూ?’ అని నన్నడిగినది. స్కానింగనిన గర్భిణులకే యని ఆమె తలంపు. ‘చేతికేలే అక్కయ్యా’ అంటిని. ఆ గదిలో గోడపై, పుట్టబోవు శిశువు ఆడో మగో చెప్పుట నేరమను పలక యుండుట ఆమె అనుమానమును మఱింత పెంచినది. 1994 నాటి చట్టము ననుసరించి అట్టి పలక పెట్టుట విధి యని చెప్పి కూర్చుండబెట్టితిని.

పరీక్షకు పావుగంట పట్టినది. కుడి మణికట్టున 16, ముంజేతిన 7. నిష్పత్తి రెండింతలు దాటినది. ఎడమచేతిలో 9. వైద్యుడు ఆ తెఱను ఆమె వైపునకు త్రిప్పి, ‘చూడమ్మా, ఇదీ నీ నరం, ఇక్కడ లావైంది’ అని చూపెను. రెండేండ్లు ఇంటిలో ఎవరును నిజముగ నమ్మని తిమ్మిరి అక్కడ గింజవలె కనబడుచుండెను. ఆమె మాటాడక చాలసేపు చూచినది. తరువాత కొడుకు వైపు తిరిగి, ‘చూశావట్రా!’ అని మాత్రము అన్నది.

అయితే వైద్యుడు ఆ అంకెను బట్టియే కత్తి పట్టలేదు. విద్యుత్ పరీక్షయు చేయించెను. నరమును ఒకచోట చిన్న విద్యుద్ఘాతముతో కదిలించి, ఆ వార్త వేఱొకచోటికి ఎంత కాలములో చేరునో చూచుట ఆ పరీక్ష. ఈ జబ్బులో మణికట్టు వద్ద వార్త నెమ్మదించునని 1956లో సింప్సన్ అను వైద్యుడు చూపెను. నేటికిని అది ప్రధాన పరీక్షయే. విద్యుత్తు నరము పనిని చెప్పును. ధ్వని నరము ఆకారమును చెప్పును. దారి తెగినదా యని ఒకటి, ఎక్కడ ఎందుచేత తెగినదని మఱొకటి. కొందఱికి ఆ చిన్న ఘాతములు బాధాకరములు. ధ్వనిలో బాధ లేదు. ధ్వని వలన మఱొక లాభము: కొందఱి నరము పుట్టుకతోనే రెండు పాయలై యుండును, కొందఱికి నరము పక్కన అదనపు రక్తనాళముండును, కొందఱికి చిన్న గడ్డయే నరమును నొక్కుచుండును. శస్త్రము చేయువానికి ఇవి ముందే తెలియుట ఎంతయో మేలు. 2012లో అమెరికాలోని నరకండరముల వైద్యుల సంఘము అప్పటివఱకు వచ్చిన పరిశోధనలను పరిశీలించి, మణికట్టువద్ద నరపు వైశాల్యమును ధ్వనితో కొలుచుట ఈ జబ్బును గుర్తించుటలో నమ్మదగినదని తీర్మానించినది.

నమ్మదగినదనగా తప్పనిది యని కాదు. తిమ్మిరి స్పష్టముగ ఉండియు కొలత 9 దాటనివారు కలరు. కొలత 12 ఉండియు ఏ బాధయు లేనివారు కలరు. అంకె పెద్దదైనకొలది జబ్బు అంత ముదిరినదనియు ఖండితముగ చెప్పరాదు. శస్త్రము జరిగి, తిమ్మిరి పోయి, చేయి సుఖముగ నున్నను నరము పూర్వపు కొలతకు దిగకపోవచ్చును. అట్టివారు మరల స్కానింగు చేయించుకొని, 12 ఉన్నదే యని దిగులుపడుట అనవసరము. అంకె సాక్షి, తీర్పరి కాదు. సాక్షిని విచారించు వైద్యుడు ముందు రోగి మాటను వినియుండవలెను. ఏయే వ్రేళ్లు అని అడుగకయే స్కానింగునకు పంపువానికంటె, స్కానింగు లేకయే వ్రేళ్లను విచారించువాడు మేలని నా అభిప్రాయము.

చికిత్సలను గూర్చి నేను చెప్పదగినది స్వల్పము. తొలిదశలో రాత్రివేళ మణికట్టు వంగకుండ నిలుపు పట్టీతోనే పలువురకు తగ్గును. తగ్గనివారికి సొరంగములో మందును సూదితో వేయుదురు. ధ్వనిచిత్రమును చూచుచునే సూదిని నడపినచో అది నరమును గుచ్చకుండ పోవును. అప్పటికిని తగ్గకున్న, కండ కరగుట మొదలిడినను, నారపట్టీని కోసి దారి వెడల్పు చేయుదురు. మా అక్కగారికి మూడవది చేసిరి. చేయి మాత్రమే మొద్దుబార్చి చేసిన చిన్న శస్త్రము. ఆమె సాయంకాలమునకు ఇల్లు చేరినది.

కొలుచు ఈ విద్య మణికట్టు జబ్బుతో ఆగలేదు. కుష్ఠువ్యాధి మన తెలుగు పల్లెలలో ఎంతమంది వ్రేళ్లను వంకర చేసినదో పెద్దలెఱుగుదురు. ఆ క్రిమి నరములలోనికి చేరి వాటిని లావు చేయును. మోచేతి వెనుక, మణికట్టున, మోకాలి పక్కన వైద్యులు వ్రేళ్లతో తడవి, లావైనదా లేదా యని నిర్ణయించుట పాత పద్ధతి. ఒక వైద్యుని వ్రేలికి లావనిపించినది మఱొకని వ్రేలికి అనిపింపకపోవచ్చును. 2009లో మన హైదరాబాదు పరిశోధకులు ఇతర దేశీయులతో కలిసి 20 మంది కుష్ఠురోగుల నరములను, 30 మంది ఆరోగ్యవంతుల నరములను ధ్వనితో కొలిచి ఫలితములు ప్రకటించిరి. రోగుల నరములు స్పష్టముగ లావుగ నుండెను. వ్యాధి విజృంభించుచున్నవారి నరములలో రక్తప్రసారము హెచ్చియుండుట కూడ తెఱపై కనబడెను. విజృంభణ సమయమున తగిన మందు అందినచో నరము నిలుచును, అందనిచో వ్రేళ్లు వంకరపోవును. కావున అక్కడ ఈ కొలతకు విలువ మణికట్టు సొరంగములోకంటె హెచ్చే.

ఆ రోగులలో మోచేతి వెనుకనుండి చిటికెనవ్రేలికి పోవు నరము తఱచుగ దెబ్బతినును. ఇందాక నేను చిటికెనవ్రేలు బాగున్నదా యని అడుగవలెనంటిని గదా. బాగుండక చిటికెనవ్రేలే మొద్దుబారినచో, దానికి తోడు ఒంటిపై స్పర్శలేని పాలిపోయిన మచ్చ యేదైన కనబడినచో, అది మణికట్టు సొరంగము సంగతి కాదు. అట్టివారు సిగ్గుపడక ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. కుష్ఠుకు మందులు అక్కడ వెల లేకుండ ఇచ్చుచున్నారు. ఈ సభలోని యువకులు తమ ఇంటి పెద్దల చేతులను ఈ రాత్రియే ఒకసారి పట్టి, ఏయే వ్రేళ్లని అడిగి చూతురు గాక.